గేటు దాటిన మాట

2025 నవంబరు 3, సోమవారం

విజయవాడ కోర్టు. పై అంతస్తులో ఒక చీటింగ్ కేసులో బెయిలు వచ్చింది. ముద్దాయి తరఫు కుర్ర లాయరు గౌను కూడా విప్పకుండా కిందికి దిగి, గేటు దగ్గర కాచుకున్న మైకుల ముందు నిలబడ్డాడు. బెయిలు వచ్చిందని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. "అసలు ఫిర్యాదు ఇచ్చినవాడే పెద్ద మోసగాడండీ. ఇలా కేసులు పెట్టి డబ్బు గుంజడమే అతని పని" అన్నాడు. పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు, చేసే వ్యాపారమూ చెప్పాడు.

ఈ మాటే కాస్త మెత్తగా బెయిలు పిటిషన్‌లో ఉంది. లోపల వాదనలోనూ అన్నాడు. లోపల ఆ మాటకి రక్షణ ఉంది. గేటు దాటాక లేదు.

ఈ సంగతి ఒకప్పుడు మద్రాసు హైకోర్టు కిందున్న మన జిల్లాలకి కొత్త కాదు. 1887 నాటి లా రిపోర్టుల్లో సల్లివాన్ వర్సెస్ నార్టన్ కేసు ఉంది. లాయరు తన పనిలో భాగంగా కోర్టులో అన్న మాటకి సివిల్‌గా గానీ క్రిమినల్‌గా గానీ కేసు చెల్లదని ఫుల్ బెంచ్ అందులో చెప్పింది. 1926లో తిరువెంగడ ముదలి కేసులో అదే హైకోర్టు ఇంకో ఫుల్ బెంచ్ కూర్చుని దాన్ని బాగా తగ్గించింది. క్రిమినల్ వరకు సంపూర్ణ రక్షణ అంటూ లేదు, శిక్షాస్మృతి 499లో రాసిన మినహాయింపులే దిక్కు అంది. అంటే కోర్టు హాల్లో కూడా లాయరు సద్భావంతో మాట్లాడాడా లేదా అన్నది చూస్తారు. కాకపోతే క్లయింటు చెప్పిన దాన్నిబట్టి వాదించాడు గనక సద్భావం ఉందనే అనుకుంటారు, లేదని రుజువు చేసే బరువు అవతలివాడిది. మైకు ముందు అలా ఎవరూ అనుకోరు. "మా క్లయింటు చెప్పాడండీ" అంటే అక్కడ జవాబు కాదు. తగిన జాగ్రత్త, శ్రద్ధ లేకుండా చేసినది సద్భావం కిందికి రాదని చట్టమే రాసుకుంది.

ఆ కుర్రాడు తెలివైనవాడు. క్రాస్ బాగా చేస్తాడు. ఈ ఒక్క విషయం అతనికి ఎవరూ చెప్పినట్టు లేదు.

నవంబరు 5, బుధవారం, కార్తీక పౌర్ణమి

దీపాలు పెట్టాక కూర్చుని సుప్రీంకోర్టు అక్టోబరు 31 తీర్పు చదివాను. దర్యాప్తు సంస్థలు లాయర్లకి సమన్లు పంపి "మీ క్లయింటు మీతో ఏం చెప్పాడు" అని అడగడం మీద కోర్టు తనంతట తాను తీసుకున్న కేసు. సాక్ష్య అధినియమం 132 సెక్షన్ కిందికి వచ్చే మినహాయింపులు ఉంటే తప్ప అలా పిలవకూడదంది. ఉన్నా పైఅధికారి అనుమతి రాతపూర్వకంగా ఉండాలంది. బార్ అసోసియేషన్లన్నీ సంబరపడ్డాయి. నేనూ సంతోషించాను.

చదువుతుంటే ఒక ప్రశ్న మాత్రం వదల్లేదు. పోలీసు అడిగితే క్లయింటు రహస్యమని తలుపేసుకుంటాం. టీవీవాళ్ళు అడిగితే మనమే తీసి బయట పెడతామా? ఆ రహస్యం లాయరుది కాదు, క్లయింటుది. 132 చెప్పేది అదే: క్లయింటు అనుమతి లేకుండా అతను చెప్పిన మాటని గానీ, వృత్తిలో భాగంగా చూసిన కాగితంలో ఉన్నదాన్ని గానీ, ఇచ్చిన సలహాని గానీ లాయరు బయటపెట్టకూడదు. కేసు అయిపోయినా, వకాల్తా మారినా, ఫీజు బాకీ ఉన్నా ఆ బాధ్యత పోదు. పాత సాక్ష్య చట్టం సెక్షన్ 126లోనూ ఇదే ఉండేది. బార్ కౌన్సిల్ నియమాల్లో 17వది కూడా దీన్ని దాటొద్దనే చెబుతుంది.

నవంబరు 8, రెండో శనివారం

జూనియర్ అడిగింది: "మేడమ్, నేను రీల్స్ చేస్తే తప్పా? అందరూ చేస్తున్నారు."

ఏ రీల్స్ అని అడిగాను. చెక్ బౌన్స్ అయితే ఎన్ని రోజుల్లో నోటీసు ఇవ్వాలి, అద్దె అగ్రిమెంటులో ఏం చూసుకోవాలి, అలాంటివట. చెయ్యమన్నాను. పల్లెటూళ్ళలో ఆ ముప్పై రోజుల సంగతి తెలియక చెల్లే కేసులు పోగొట్టుకున్నవాళ్ళు ఎంతమందో. "మరి మనం గెలిచిన కేసు గురించి?" అంది. అక్కడ ఆగమన్నాను.

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 36వది తీసి చదివించాను. లాయరు ప్రచారం చేసుకోకూడదన్న సంగతి అందరికీ తెలుసు. అందులోనే, తాను నడుపుతున్న లేక తనకి సంబంధం ఉన్న కేసుల గురించి పత్రికలకి వ్యాఖ్యలు ఇవ్వడం, వాటితో వేసుకోవడానికి ఫొటోలు ఇవ్వడం కూడా ప్రచారం కిందే రాసి ఉందని చాలామంది చూడరు. 2008లో సవరించి వెబ్‌సైటుకి చోటిచ్చారు. అదీ పేరు, చిరునామా, ఫోను, ఎన్‌రోల్‌మెంటు నంబరు, చదువు, ఏ రకం కేసులు చూస్తారు అన్నంతవరకే. ఈ ఏడాది మార్చి 17న సినిమా నటుల్నీ ఇన్‌ఫ్లుయెన్సర్లనీ పెట్టి లా ఫర్ములు చేసుకుంటున్న ప్రచారం మీద బార్ కౌన్సిల్ మళ్ళీ గట్టిగా హెచ్చరించింది.

"ఇంతమంది మాట్లాడుతుంటే ఎవరి మీదా చర్య లేదేంటి మేడమ్?" అంది. న్యాయమైన ప్రశ్నే. అడ్వకేట్ల చట్టం 35 కింద మందలింపు, సస్పెన్షన్, రోల్స్ నుంచి పేరు తీసెయ్యడం అన్నీ ఉన్నాయి. ఫిర్యాదు చేసేవాళ్ళు లేరు. నష్టపోయిన క్లయింటుకి ఇలాంటి నియమం ఒకటుందనే తెలియదు. తోటి లాయరు మీద తోటి లాయరు ఫిర్యాదు చెయ్యడు. నియమం పుస్తకంలో నిద్రపోతోంది. ఇది బార్ కౌన్సిళ్ళ బాధ్యతా రాహిత్యమే, ఇంకో మాట లేదు.

నవంబరు 12, బుధవారం

పది కోట్లకి పరువు నష్టం నోటీసు. నా క్లయింటు చేతికి స్పీడ్ పోస్టు అందకముందే ఆ నోటీసు మూడు పేజీలూ ఊరి వాట్సాప్ గ్రూపులో ఉన్నాయి. పంపింది అవతలి లాయరే. నోటీసులో మా వాడిని దొంగ, కబ్జాకోరు అన్నాడు. పరువు పోయిందని ఇచ్చిన నోటీసుతోనే ఇంకొకరి పరువు తీశాడు. ఇద్దరి మధ్య ఉండాల్సిన కాగితం ఊరంతా చదివాక అది ప్రచురణే అవుతుంది.

పది కోట్ల మాట కూడా రాసిపెట్టుకోవాలి. నోటీసులో ఎన్ని కోట్లయినా వెయ్యొచ్చు. దావా వెయ్యాలంటే అడిగిన మొత్తం మీద కోర్టు ఫీజు కట్టాలి. అందుకే నోటీసులు వందల్లో వెళతాయి, దావాలు అరుదుగా పడతాయి. క్లయింట్లు ఆ అంకె చూసి రాత్రుళ్ళు నిద్రపోరు. ముందుగా వాళ్ళకి ఈ కోర్టు ఫీజు సంగతి చెప్పాలి.

నవంబరు 18, మంగళవారం

గన్నవరం వైపు నుంచి ఒకామె తండ్రితో వచ్చింది. ముప్పై దాటి ఉండదు. పాత లాయరు దగ్గర నో అబ్జెక్షన్ తీసుకుని కేసు కట్ట సంచిలో పెట్టుకుని వచ్చింది. ఫ్యామిలీ కోర్టులో విడాకుల కేసు. మధ్యవర్తిత్వంలో దాదాపు కుదిరింది: ఇద్దరి సమ్మతితో విడాకులు, బంగారం వెనక్కి, ఇచ్చిన డబ్బు రెండు దఫాల్లో. సంతకాలకి వారం ఉందనగా పాత లాయరు ఒక యూట్యూబ్ చానల్‌కి వెళ్ళాడు.

ఫోను టేబుల్ మీద పెట్టి వీడియో వేసింది. ఎర్ర అక్షరాల్లో "భర్త నిజస్వరూపం" అని ఉంది. పక్కన ఆమె పెళ్ళి ఫొటో, మొహం మీద సరిగా మసక కూడా వెయ్యలేదు. లోపల ఆ లాయరు భర్తకున్న ఆరోగ్య సమస్య గురించి చెబుతున్నాడు. డాక్టరు రిపోర్టు తన దగ్గర ఉందంటూ కాగితం ఎత్తి చూపించాడు. ఆస్పత్రి పేరు చదవొచ్చు.

"ఆ రిపోర్టు కోర్టులో వెయ్యొద్దని ముందే చెప్పాను మేడమ్. మీకు అర్థం కావాలని ఇస్తున్నాను, అంతే అన్నాను. మా అమ్మకి కూడా చెప్పలేదు ఆ విషయం."

తండ్రి తల దించుకుని కూర్చున్నాడు. ఆయనకి తెలిసిందీ ఆ వీడియోలోనేనట.

భర్త రాజీ నుంచి వెనక్కి పోయాడు. ఎవరైనా పోతారు. మేజిస్ట్రేటు కోర్టులో భారతీయ న్యాయ సంహిత 356 కింద ప్రైవేటు కంప్లయింట్ వేశాడు. ఒకటో ముద్దాయి ఈమె, రెండో ముద్దాయి లాయరు, మూడు చానల్. ఆమె చెప్పమంటేనే లాయరు చెప్పాడని కంప్లయింట్‌లో ఉంది. "నేను ఆ మాట అనలేదు మేడమ్, ఆయనే అన్నారు" అని మళ్ళీ మళ్ళీ చెప్పింది.

కాగితాలన్నీ చదివి ఆమెకి నెమ్మదిగా చెప్పినవి ఇవి. కొత్త ప్రక్రియ ప్రకారం మేజిస్ట్రేటు కేసు తీసుకునే ముందే నీ మాట వినాలి, కాబట్టి సమన్లు అని భయపడకు. నేరం రుజువైతే రెండేళ్ళ దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదంటే సమాజ సేవ. అంతదూరం పోదు. రిపోర్టు నిజమే కదా అంటావా, క్రిమినల్ కేసులో ఉత్త నిజం చాలదు. నిజమై ఉండాలి, అది బయటపెట్టడం ప్రజలకి మేలు చేసేదై ఉండాలి. ఒక మొగుడి జబ్బు బయటపెడితే ఏ ప్రజలకి ఏం మేలు? సివిల్ దావాలో అయితే నిజం చెప్పడమే జవాబు. కానీ ఇక్కడ నడుస్తున్నది సివిల్ కాదు.

ఇంకో సంగతి ఆ లాయరు తెలుసుకునే చేశాడో తెలియకే చేశాడో. హిందూ వివాహ చట్టం 22 ప్రకారం ఇలాంటి కేసుల విచారణ మూసిన గదిలో జరగాలి, దాని సంగతులు ప్రచురించకూడదు. ప్రచురిస్తే జరిమానా వెయ్యి రూపాయల దాకా. వెయ్యి రూపాయలు! 1955 చట్టంలోని ఆ అంకె అలాగే ఉండిపోయింది. ఒక్క వీడియోకి వచ్చే ప్రకటనల డబ్బు ముందు అదెంత? పార్లమెంటు దీన్ని మార్చాలి.

నవంబరు 21, శుక్రవారం

2012లో ఇదే రోజున ఎరవాడ జైల్లో ముంబై ఉగ్రదాడుల దోషి కసబ్‌ని ఉరి తీశారు. ఇవాళ బార్ రూములో ఎవరో మళ్ళీ అన్నారు, "వాడికి బిర్యానీ పెట్టి మేపారు కదండీ." మన ఊళ్ళలో ఆటో స్టాండులో అడిగినా ఇదే చెబుతారు.

ఆ బిర్యానీ లేదు. 2015 మార్చిలో జైపూర్‌లో ఉగ్రవాద వ్యతిరేక సదస్సుకి వెళ్ళిన ఆ కేసు స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఉజ్వల్ నికమ్ స్వయంగా ఒప్పుకున్నారు. కసబ్ బిర్యానీ అడగలేదు, ప్రభుత్వం పెట్టలేదు. విచారణలో ఒకరోజు కసబ్ కళ్ళలో నీళ్ళు కనిపించాయని టీవీల్లో చర్చ మొదలైంది. జనంలో అతని మీద జాలి పుడుతుందేమోనన్న ఆందోళనతో, దాన్ని తిప్పికొట్టడానికి తానే కల్పించి మీడియాకి చెప్పానన్నారు.

కసబ్ మీద సాక్ష్యం కొండంత ఉంది. రైల్వే స్టేషన్‌లో తుపాకీతో ఉన్న ఫొటో ఉంది. బిర్యానీ లేకపోయినా ఆ శిక్ష పడేది. అందుకే నాకు ఇది మరీ బాధ. అవసరం లేని అబద్ధం. కేసు గెలవడానికి కాదు, టీవీలో గెలవడానికి. ప్రాసిక్యూటర్ ఒక పక్షం లాయరు మాత్రమే కాదు. నిర్దోషికి శిక్ష పడేలా కేసు నడపకూడదని, ముద్దాయికి పనికొచ్చే విషయం దాచకూడదని బార్ కౌన్సిల్ 16వ నియమం ప్రాసిక్యూషన్ లాయరుకి ప్రత్యేకంగా చెబుతుంది. ప్రభుత్వం తరఫున నిలబడ్డవాడు చెప్పింది జనం నమ్ముతారు. పదేళ్ళ కింద ఆయన ఒప్పుకున్న మాట ఎవరికీ గుర్తు లేదు, బిర్యానీ అందరికీ గుర్తుంది. గేటు బయట అన్న మాటని వెనక్కి తీసుకునే దారి ఏ కోర్టులోనూ లేదు.

పరువు అనేది కసబ్‌కి ఏం ఉంది అని ఒకాయన అడిగారు. పరువు నష్టం చట్టం చనిపోయినవాళ్ళకి కూడా వర్తిస్తుంది, కుటుంబాన్ని నొప్పించాలని అంటే. అయినా ఇది ఆ ముద్దాయి కోసం పడే బాధ కాదు. రేపు ఇంకో కేసులో ఒక నిర్దోషి నిలబడి ఉన్నప్పుడు ప్రాసిక్యూటర్ చెప్పే మాటని ఎలా నమ్మాలి?

నవంబరు 24, సోమవారం

లాయరుకీ లాయరుకీ మధ్య నడిచే ఉత్తరం కూడా రహస్యమే. సహారా, సెబీ కేసులో మదుపుదారుల డబ్బుకి భద్రత చూపిస్తూ ఒక ప్రతిపాదన సహారా తరఫు నుంచి సెబీ లాయరుకి వెళ్ళింది. విచారణకి ముందే అది ఒక టీవీ చానల్‌లో కనిపించింది. ఫాలీ నారిమన్ దీన్ని కోర్టు దృష్టికి తెచ్చారు. 2012 సెప్టెంబరు 11న రాజ్యాంగ ధర్మాసనం, కేసుకి నిజంగా హాని జరుగుతుందనుకుంటే కొంతకాలం వార్త వాయిదా వెయ్యమని కోర్టు ఆదేశించవచ్చని తీర్పు చెప్పింది. ఒక్క లీకు నుంచి పత్రికా స్వేచ్ఛ మీద ఇంత పెద్ద తీర్పు వచ్చింది. అలాంటి ఆదేశాలు ఇష్టం వచ్చినట్టు ఇస్తే ప్రమాదమే. మన నోరు మనం కట్టుకోకపోతే కోర్టులు అందరి నోరూ కట్టడానికి దారి దొరుకుతుంది.

నవంబరు 26, బుధవారం

రాజ్యాంగ దినోత్సవం. బార్ అసోసియేషన్ హాలులో ప్రవేశిక చదివాం. తర్వాత మాట్లాడమంటే వాక్ స్వాతంత్ర్యం గురించే మాట్లాడాను. 19(1)(ఎ) ఇచ్చిన హక్కుకి 19(2)లో ఉన్న పరిమితుల్లో కోర్టు ధిక్కారం, పరువు నష్టం పక్కపక్కనే ఉన్నాయి. 2016 మే 13న సుబ్రమణియన్ స్వామి కేసులో సుప్రీంకోర్టు క్రిమినల్ పరువు నష్టాన్ని నిలబెట్టింది. ఒకరి మాటకి ఇంకొకరిని జైలుకి పంపడం సరికాదని నా అభిప్రాయం, సివిల్ దావా చాలు. కానీ చట్టం ఉన్నంతకాలం క్లయింటుని దాని ముందు నిలబెట్టే హక్కు నాకు లేదు.

ప్రశ్నల్లో సుప్రీంకోర్టు లాయరు ప్రశాంత్ భూషణ్ సంగతి వచ్చింది. 2020 ఆగస్టులో రెండు ట్వీట్ల మీద ధిక్కారం రుజువైందన్నారు. క్షమాపణ చెప్పనన్నారు ఆయన. 31న ఒక్క రూపాయి జరిమానా వేశారు. కట్టకపోతే మూడు నెలల జైలు, మూడేళ్ళు సుప్రీంకోర్టులో ప్రాక్టీసు మీద నిషేధం. ఆ కేసు అక్కర్లేదని నేను అప్పుడూ అన్నాను. ధిక్కార చట్టం 5 సెక్షనే తీర్పు వచ్చాక దాని మంచిచెడ్డల మీద న్యాయమైన విమర్శ ధిక్కారం కాదంటుంది. భూషణ్ మాట్లాడింది వ్యవస్థ గురించి. ప్రమాదం ఎవరికి? ఆయనకే. ఏ క్లయింటు సంసారమూ, ఏ క్లయింటు బెయిలూ ఆ ట్వీట్ల మీద ఆధారపడి లేవు. లాయరు మాట్లాడటం గురించి నేను చూసే తేడా ఇదొక్కటే: ఆ మాటకి వెల కట్టేది ఎవరు?

ఈ ఏడాదే తెలంగాణ హైకోర్టు న్యాయమూర్తి మీద ఆరోపణలతో ఒక బదిలీ పిటిషన్ సుప్రీంకోర్టుకి వెళ్ళింది. పిటిషనర్‌తో పాటు సంతకాలు చేసిన లాయర్లకీ ధిక్కార నోటీసు వచ్చింది. ఆ న్యాయమూర్తికే క్షమాపణ చెప్పుకోమన్నారు. పిటిషన్ మీద సంతకం చేసినవాడు అందులోని మాటకి బాధ్యుడే. ఆ పిటిషన్ పేజీ ఫొటో తీసి గ్రూపులో పెడితే ఆ బాధ్యత ఇంకా పెరుగుతుంది, తరగదు.

నవంబరు 29, శనివారం

మన దగ్గర గేటు బయట మాట్లాడిన గొప్పవాళ్ళున్నారు. వాళ్ళని పక్కన పెట్టి "లాయర్లు నోరు మూసుకోవాలి" అని రాస్తే అన్యాయం.

కన్నబిరాన్ 1977లో ఎన్‌కౌంటర్ల మీద భార్గవ కమిషన్ ముందు నిలబడ్డారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ప్రతి వేదిక మీదా పోలీసు హత్యల గురించి మాట్లాడారు. 1985లో కారంచేడు దాడి తర్వాత బొజ్జా తారకం హైకోర్టులో ప్రభుత్వ ప్లీడర్ పదవి వదిలి వచ్చి దళితుల పక్షాన మాట్లాడారు. పదవిలో ఉంటూ ప్రభుత్వాన్ని తిట్టలేదు, పదవి వదిలి మాట్లాడారు. అది చాలా పెద్ద తేడా. బాలగోపాల్ లెక్కల మాస్టారు, తర్వాత లాయరు. ఆయన వ్యాసం ఏది తీసినా ఊరి పేరు, తేదీ, ఎఫ్‌ఐఆర్‌లో ఏముంది, సాక్షి ఏమన్నాడు అని ఉంటుంది. ఎవరినైనా హంతకుడంటే ఏ కాగితం చూసి అంటున్నారో కూడా ఉంటుంది.

వాళ్ళు మాట్లాడకపోతే ఆ కేసులు పుట్టకముందే చచ్చిపోయేవి. క్లయింట్లు మాట్లాడమని బతిమాలుకునేవాళ్ళు, ఎందుకంటే వాళ్ళ గొంతు స్టేషన్ గుమ్మం దాటేది కాదు. చెప్పింది రికార్డులో ఉన్నది. వేలెత్తింది అధికారం మీద. దానివల్ల వాళ్ళకి కొత్త కేసులు రాలేదు, బెదిరింపులు వచ్చాయి. ఇవాళ టీవీ డిబేట్‌లో గొంతు చించుకునేవాళ్ళు వాళ్ళ పేరు వాడుకోకుండా ఉంటే బాగుంటుంది.

డిసెంబరు 2, మంగళవారం

డాలస్‌లో మా అక్క కొడుకు, అక్కడ అటార్నీ. రాత్రి ఫోన్లో దీని గురించే. "అమెరికన్ బార్ అసోసియేషన్ నమూనా నియమాల్లో 3.6 అని ఒకటి ఉంది, పిన్నీ" అన్నాడు. కేసు విచారణకి గట్టి హాని కలుగుతుందని తెలిసి బయట మాట్లాడకూడదు. అయితే అవతలివాళ్ళ ప్రచారం వల్ల క్లయింటుకి నష్టం జరుగుతుంటే దాన్ని సరిచేయడానికి ఎంత అవసరమో అంతవరకు మాట్లాడొచ్చు. నెవాడాలో జెంటిల్ అనే డిఫెన్స్ లాయరు ప్రెస్ మీట్ పెడితే బార్ మందలించింది. 1991లో అమెరికా సుప్రీంకోర్టు ఆ రాష్ట్రం నియమం అస్పష్టంగా ఉందని ఆ మందలింపుని కొట్టేసింది.

"మీకు జ్యూరీ లేదుగా, ఇంత భయం దేనికి?" అన్నాడు. ఇక్కడి లాయర్లు కూడా ఇదే అంటారు, జడ్జి టీవీ చూసి తీర్పివ్వడు అని. జడ్జి సంగతి సరే, సాక్షి చూస్తాడు. రేపు బోనెక్కే ఇరుగుపొరుగు నిన్న డిబేట్‌లో విన్న దాన్ని తను చూసినట్టే చెబుతాడు, అబద్ధమాడాలని కాదు, అలా గుర్తుండిపోతుంది. పంచనామా మీద సంతకం పెట్టిన వీఆర్వో కూడా చూస్తాడు. 2005లో ఎం.పి. లోహియా కేసులో వరకట్న చావు మీద ఒక పక్షం మాటే వేసిన పత్రికా వ్యాసాన్ని సుప్రీంకోర్టు తప్పుపట్టింది కూడా.

ఆ "సరిచేయడానికి ఎంత అవసరమో అంతవరకు" అన్న మాట మన నియమాల్లోకి రావాలి. 36వ నియమం ప్రచారాన్ని ఆపుతుంది, అంతే. అవతలివాళ్ళు మన క్లయింటు మీద బురద జల్లుతుంటే మనం ఏం చెయ్యొచ్చో దానిలో లేదు.

డిసెంబరు 6, శనివారం

2019లో ఈ తెల్లవారుజామునే చటాన్‌పల్లి దగ్గర దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. చంపే ఉద్దేశంతోనే కాల్చారని తర్వాత సిర్పూర్కర్ కమిషన్ నివేదికలో రాసింది.

నేను ఆ పదిరోజుల్లో లాయర్లు ఏం చేశామన్నది తలచుకుంటున్నాను. 2018లోనే నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు అత్యాచార బాధితురాలి పేరు, ఆమె ఎవరో తెలిసే ఏ వివరమూ, చనిపోయినా సరే, బయటపెట్టొద్దని చెప్పి ఉంది. పోలీసులు దిశ అని పిలవమన్నాక కూడా చర్చల్లో అసలు పేరు వినిపిస్తూనే ఉంది. ఇప్పుడు అది న్యాయ సంహిత 72 కింద రెండేళ్ళ దాకా శిక్ష. చట్టం తెలిసినవాళ్ళం, పక్క కుర్చీలో ఎవరైనా పేరు ఎత్తితే ఆపాల్సింది మనమే.

ఇక రెండోది. నిందితుల కేసు ఎవరూ పట్టుకోకూడదని షాద్‌నగర్ బార్ అసోసియేషన్ ప్రకటించింది. అలాంటి తీర్మానాలు చెల్లవని, వృత్తి ధర్మానికి విరుద్ధమని సుప్రీంకోర్టు మహమ్మద్ రఫీ కేసులో 2010లోనే చెప్పింది. ఆ కోపం నాకూ వచ్చింది, ఆడపిల్ల తల్లిని. కానీ లాయర్ల సంఘం నోట ఆ మాట రావడం అంటే విచారణ మొదలుకాకముందే తీర్పు చెప్పడమే. తర్వాత వారంలో విచారణే లేకుండా పోయింది.

డిసెంబరు 10, బుధవారం

గన్నవరం అమ్మాయి కేసు. మేజిస్ట్రేటు ముందు మా వాదన చెప్పాను: ఆమె ఆ వీడియోలో లేదు, చెప్పమన్నట్టు ఆధారం లేదు, రిపోర్టు దాఖలు చెయ్యొద్దని ఆమె పంపిన మెసేజ్ ఉంది. కోర్టు వాయిదా జనవరికి వేసింది. చానల్ వీడియో తీసేసింది. దాని ముక్కలు ఇంకా తిరుగుతున్నాయి. పరువు నష్టం దావాకి గడువు ఏడాది, క్రిమినల్ కంప్లయింట్‌కి మూడేళ్ళు. ఆ ముక్కలు తిరిగినంతకాలం అవతలివాళ్ళకి మనసు మారే సందు ఉంటుంది.

భర్త లాయరుతో మాట్లాడాను. పెద్దమనిషి. "మా వాడికి రాజీ ఇష్టమేనమ్మా, కానీ వాళ్ళ బంధువులు ఆ వీడియో చూసి నవ్వుతున్నారు, ముందు అది చల్లారాలి" అన్నాడు. బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు ఇవ్వొచ్చని అమ్మాయికి చెప్పాను. ఆలోచిస్తానంది. ఒత్తిడి చెయ్యలేదు. ఫారం మాత్రం ఇచ్చి పంపాను.

కొత్తగా వచ్చే క్లయింట్లందరితో నేను ఒక కాగితం రాయించుకుంటున్నాను. తమ కేసు గురించి పత్రికలతో గానీ టీవీతో గానీ నేను మాట్లాడాలంటే ముందు వాళ్ళ సంతకం ఉండాలని, వాళ్ళు ఇచ్చిన కాగితాల్లో ఏది దాఖలు చెయ్యాలో ఏది చెయ్యకూడదో అందులోనే రాయాలని. తోటి లాయర్లు కొందరు ఇది అతి అంటున్నారు.

ఇది చదివేవాళ్ళలో కోర్టు మెట్లు ఎక్కాల్సి వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే, వకాల్తా మీద సంతకం పెట్టే రోజే ఆ వాక్యం రాయించుకోండి. మీ అనుమతి లేకుండా కేసు గురించి బయట మాట్లాడను అని సంతకం పెట్టడానికి ఏ లాయరైనా వెనకాడితే, ఇంకో లాయరు దగ్గరికి వెళ్ళండి.